ఉద్దానం నీళ్లతో కడిగిన రీలు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నా ప్రయాణం మీద మీకు పెద్ద ఆశలుండవు. తెనాలిలో మాకో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకీ ఓణీల ఫంక్షన్లకీ మా ఆయన కెమెరా భుజాన వేసుకుని తిరుగుతాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన తెచ్చినవాటిని బాగుచేస్తాను. మొటిమలు తీసేస్తాను. నల్లటి మెడల్ని తెల్లగా చేస్తాను. పెళ్లికొడుకు వెనక ఆవలిస్తున్న బాబాయిని మాయం చేసి అక్కడ అరటిచెట్టు పెడతాను. చెరిపీ చెరిపీ విసుగొచ్చిందో ఏమో, యాభై దగ్గర పడుతుండగా రీలు కెమెరా మీద మనసు పోయింది. అటక మీద మూలుగుతున్న పాతదాన్ని దించి, బాగుచేయించి, నలుపు తెలుపు రీళ్లు తెప్పించుకున్నాను. ఒక్కో రీలు వెయ్యికి అటూ ఇటూ. నొక్కాక ఎలా వచ్చిందో చూసుకోవడానికి వెనకాల తెర ఉండదు. అంటే నొక్కినప్పుడల్లా ఒక భయం కొనుక్కున్నట్టే. పిరికిదానికి ఇంతకంటే తగని సరదా లేదని మా ఆయన అంటాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

పలాస ఎందుకు వెళ్లానంటే, జీడిపప్పు కోసం. తినడానికి కాదు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు సొన అంటుకుని నల్లబడిపోతాయనీ, ఆ నల్లటి వేళ్ల మధ్య పప్పు తెల్లగా మెరుస్తుందనీ ఎవరో చెప్పారు. నలుపు తెలుపు రీలు అలాంటి చేతుల కోసమే పుట్టిందనిపించింది. ఉద్దానం కూడా వెళ్తానంటే మాత్రం ఇంట్లోనూ వీధిలోనూ అందరిదీ ఒకటే మాట: "అక్కడి నీళ్లు ముట్టుకోకు." ఆ తీరపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఏళ్లుగా పాతుకుపోయింది. నీళ్ల వల్లేనని కొందరు, కాదని కొందరు. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. తేలని భయం తేలిన భయం కంటే పెద్దది. సంచిలో సగం కెమెరా సామాను, సగం నీళ్ల సీసాలు పెట్టుకుని రైలెక్కాను.

పలాస

స్టేషన్లో దిగగానే వేయించిన జీడి వాసన, కొంచెం ఘాటుగా, గొంతులో గరగరమనేలా. ఒక చిన్న జీడి కార్ఖానా యజమాని, "చేతులు తీసుకోండి, మొహాలు మాత్రం వాళ్లనడిగి తీయండి" అని లోపలికి పంపాడు. రేకుల షెడ్డు కింద ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. ఒక చేత్తో పిక్కను కత్తి కింద పెట్టడం, కాలితో కత్తి మీట తొక్కడం, రెండో చేత్తో పప్పు విడదీయడం. వేలు ఉండాల్సిన చోటికీ కత్తి పడే చోటికీ మధ్య గోరంత సందు. చూస్తుంటే నా వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి.

వరసలో చివరగా కూర్చున్నావిడ తలెత్తి, "ఏ పేపరమ్మా తమరిది?" అంది.

"పేపరు కాదు. మాది తెనాలి. పెళ్లి ఫోటోల స్టూడియో."

"పెళ్లి ఫోటోలోళ్లకి మాతోటి పనేటి?"

"చేతులు తీద్దామని వచ్చాను."

ఆవిడ పక్కవాళ్ల వైపు తిరిగి, "ఓలమ్మా, సేతులంట! ఇన్నాళ్లకి కిడ్నీలు అడక్కుండా ఒకరొచ్చినారు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నా నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆవిడ పేరు దమయంతి. నలభైకి లోపే ఉంటుంది. పూండి దాటాక తీరం వైపున్న ఊళ్లో ఉంటుంది, రోజూ ఆటోలో వచ్చిపోతుంది. అన్నం గంట కొట్టాక బూడిదతో చేతులు తోముకుంటూ నా పక్కన కూర్చుని చెప్పింది: "మా ఊరికి ఫోటోలోళ్లు శానామంది వచ్చినారప్పా. మంచం మీద పడుకో, దిగులుగా సూడు, అంతారు. మా పెదనాన్న కోడలికి ఏ జబ్బూ లేదు, దాన్ని కూడా పడుకోబెట్టీసినారు. ఆ బొమ్మ ఎక్కడో పడిందంట. దాని తమ్ముడికి కుదిరిన సంబంధం తప్పిపోనాది." అటువైపు అక్కను అప్ప అంటారు. మొదటి రోజే నేను అప్పనైపోయాను.

అందుకే ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాయనని మాటిచ్చాను.

"ఎల్లుండి మాకు సెలవు. మా తోట సూద్దురుగాని రండి. పచ్చి జీడిపప్పు కూరొండి పెడతాను" అంది. వస్తానన్నాను. అనగానే నీళ్ల సంగతి గుర్తొచ్చి సంచిలో సీసాలు లెక్కపెట్టుకున్నాను.

టెక్కలి

మధ్యలో ఒక రోజు ఖాళీ. టెక్కలి వైపు నీలం రాయి తీస్తారని బస్సెక్కాను. రాళ్లు కోసే యార్డులో ఇంటి గోడలంత దిమ్మలు. తడిపినప్పుడు వాటి ఒంట్లోంచి నీలం మెరుపులు పుడతాయి. నా రీల్లో నీలం పడదు, అయినా తీశాను. "ఈ రాయి ఎక్కడికి పోతుంది?" అని అక్కడి టీ కొట్టతన్ని అడిగాను.

"విదేశాలకే. ఎక్కువ సమాధుల మీదికంటమ్మా" అన్నాడు, టీ తిరగబోస్తూ. టీ మా ఊళ్లో కంటే తక్కువ ధర, చక్కెర మాత్రం రెండింతలు. అంత తీపి టీ తాగుతూ సమాధుల మాట వినడం నాకు నచ్చలేదు. సగం వదిలేసి లేచాను.

తిరిగొచ్చేటప్పుడు జరిగింది అసలు ప్రమాదం. బస్సు కిక్కిరిసి ఉంది. మలుపులో నేను కడ్డీ మీద పడితే, కెమెరా వెనక తలుపు దానికి కొట్టుకుని తెరుచుకుంది. గబుక్కున మూసేశాను గానీ, రీలుకి వెలుతురు ఒక్క క్షణం తగిలినా చాలు. డిజిటల్ కెమెరా అయితే వెనక్కి తిప్పి చూసుకుంటాం. దీనికి కడుపులో ఏముందో కడిగేదాకా తెలీదు. పైగా తలుపు గొళ్లెం వదులైంది. ఇక ముందు తీసేవన్నీ పాడవుతాయా? రేపటి తోటలో బొమ్మలు, దమయంతి చేతులు, అన్నీ?

పిరికివాళ్ల సంచిలో అన్నీ ఉంటాయని సామెత లేదు గానీ ఉండాల్సింది. రీలు కడిగే డబ్బా, మందు పొడులు, వెలుతురు చొరబడని నల్లసంచి, అన్నీ తెనాలి నుంచి మోసుకొచ్చాను. గొళ్లెం మీద టేపు అంటించి, ఉన్న రీలు దమయంతి వాళ్లింట్లో పూర్తిచేసి, అక్కడే కడిగి చూసుకుందామని నిర్ణయించుకున్నాను.

పూండి దాటాక

ఆటో దిగేసరికి దమయంతి భర్త ఎదురొచ్చాడు. డిల్లేశ్వరరావు. ఊళ్లో అందరికీ డిల్లేసు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దించుతాడు, సొంత జీడితోట కొంచెం ఉంది. భుజాలు తలుపు రెక్కల్లా ఉన్నాయి. చేతిలో కర్ర, రేకు డబ్బా.

"డబ్బా ఎందుకండీ?"

"ఎలుగులు మేడం. జీడిపళ్లు రాలే కాలం గదా. పనసపళ్లకి కూడా వత్తాయి. చప్పుడు సేసుకుంటా పోతే మన దారి మనది, దాని దారి దానిది."

ఆ తోటలో నడిచినంతసేపూ ఆయన గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాడు. కొబ్బరి ధర గురించి, బావమరిది మోటారుసైకిలు గురించి, పోయినేడు గాలివాన గురించి. చెట్లు భుజం ఎత్తునుంచే కొమ్మలు చాచి ఉన్నాయి. కింద చీకటి, ఎండుటాకులు, పులిసిన పళ్ల వాసన. ఒకచోట ఆకులు గలగలమన్నాయి. నేను డిల్లేసు చొక్కా పట్టుకున్నాను. పొద వెనక నల్లగా ఏదో కదిలి, మెల్లగా, ఏ తొందరా లేకుండా, లోపలికి పోయింది. కెమెరా నా మెడలోనే ఉంది. దాన్ని ఎత్తాలన్న ఆలోచన ఇంటి గుమ్మం ఎక్కాక వచ్చింది.

"సూసినారా?" అంటే, "కుక్కేమో" అన్నాను. డిల్లేసు పడీపడీ నవ్వాడు.

దమయంతి ఇల్లు చిన్నది, పెంకుటిల్లు, ముందు కొబ్బరాకుల పందిరి. పందిట్లో రాగానే ఇచ్చే చెంబు నీళ్లు. నేను సంచిలోంచి సీసా తీసి, "డాక్టరు ఇవే తాగమన్నారు" అని అబద్ధమాడాను. దమయంతి చెంబు వెనక్కి తీసుకెళ్లి, బోండం కొట్టి తెచ్చింది. బోండం మా తెనాలి ధరలో సగం కూడా ఉండదు అక్కడ, డబ్బివ్వబోతే ఆవిడ దానికీ ఒప్పుకోలేదు. కూరలో పచ్చిపప్పు వెన్నలా కరిగిపోయింది. పులుసులో బెల్లం వేశారు. మా వైపు పులుసులో బెల్లం ఇంత పడితే ఆడపడుచు అలుగుతుంది. నాకు మాత్రం రెండోసారి వడ్డించాల్సొచ్చింది.

అన్నాలయ్యాక తోటలో మిగతా బొమ్మలు తీశాను. డిల్లేసు చెట్టు మొదట్లో నడుం మీద చేతులేసుకుని వీరుడిలా నిలబడ్డాడు. దమయంతి ఎండబెట్టిన పిక్కలు ఎత్తుతుంటే వెనకనుంచి, వంగిన వీపు, నడుము, నెత్తిన గంప. ఆవిడ మొహం కంటే ఆ వీపు ఎక్కువ చెబుతోందనిపించింది.

గంప దించాక అడగనా వద్దా అనుకుంటూనే అడిగాను. "ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా?"

ఆవిడ పిక్కలు చేత్తో సర్దుతూ అంది: "మా అత్త పోనాది అప్పా. మా మరిది పోనాడు, నాకంటే సిన్నోడు. సూపించుకుంటే ఉంటాది. సూపించుకోకపోతే లేదు. అందుకే నాను సూపించుకోను."

"ఎన్నిమార్లు సెప్పినానో" అన్నాడు డిల్లేసు. "రగతం ఇయ్యమంటే దొడ్డిదారిని పారిపోద్ది. నాకైతే ఏటీ లేదు మేడం, ఉక్కు మనిసిని. నడుం పట్టేత్తే ఒక నొప్పిబిళ్ల, అంతే."

నల్లసంచి

మధ్యాహ్నం వాళ్ల ధాన్యం గదిలో కూర్చుని నల్లసంచిలోకి రెండు చేతులూ దూర్చాను. లోపల రీలు విప్పి, చూడకుండా, వేళ్ల తడుముడుతోనే చక్రానికి చుట్టి డబ్బాలో పెట్టాలి. ఒక చుట్టు తప్పితే బొమ్మ మీద బొమ్మ అతుక్కుపోతుంది. చెమటకి వేళ్లు జారుతున్నాయి.

"మంత్రసానిలాగున్నారప్పా" అంది దమయంతి గుమ్మంలోంచి.

మందు కలపడానికి నా సీసా నీళ్లే వాడాను. కడగడానికి మాత్రం చాలా నీళ్లు కావాలి. డిల్లేసు బోరింగు నీళ్లు బిందెలకొద్దీ తెచ్చిపోశాడు. "మా నీళ్లు ఫోటోలకి పనికొత్తాయేటి?" అన్నాడు నవ్వుతూ. పనికొస్తాయన్నాను. చివరి కడుగు శుభ్రమైన నీళ్లతో కడగాలి, లేకపోతే ఉప్పు చార మిగులుతుందని నాకు తెలుసు. కానీ సంచిలో ఇంకొక్క సీసానే ఉంది. అది తాగడానికి దాచుకున్నాను.

రీలు బాగానే ఉంది. బస్సులో తలుపు తెరుచుకున్నప్పుడు ఎదురుగా ఉన్న రెండు మూడు బొమ్మలు మాడిపోయాయి, అంతే. నా ప్రాణం లేచొచ్చింది. కిటికీ ఊచకి క్లిప్పు పెట్టి ఆరేశాను, అది ఆరేదాకా రాత్రికి అక్కడే ఉండిపోయాను. ఆ పూట ప్రపంచంలో నాకంటే ధైర్యవంతురాలు లేదు.

కిటికీ దగ్గర

పొద్దున్నే దమయంతి నాకంటే ముందు లేచి కిటికీ దగ్గర నిలబడి ఉంది. రీలుని రెండు చేతుల మధ్య పట్టుకుని వెలుతురుకెత్తి చూస్తోంది. ఆ చూపు చూసి నాకు ఆశ్చర్యమేసింది. నెగెటివ్‌ని మా ఊళ్లో ఈ కాలంవాళ్లు ఎటు పట్టుకోవాలో కూడా ఎరగరు. ఈవిడ మాత్రం చేయి తిరిగినట్టు కోణం మార్చి మార్చి చూస్తోంది.

కాసేపటికి అర్థమైంది. ఆ ఊళ్లో ఫిల్ము అంటే ఆసుపత్రిది. ఎక్స్‌రేలూ స్కానింగులూ చూరు కింద దోపిపెట్టని ఇల్లు తక్కువ. కిటికీ దగ్గర ఎత్తి చూసేది లోపల ఏముందో తెలుసుకోవడానికే.

"అప్పా" అంది. "ఇవేటి?"

వెనకనుంచి తీసిన బొమ్మ. నెగెటివ్‌లో నల్లవన్నీ తెల్లగా, తెల్లవన్నీ నల్లగా ఉంటాయి కదా, ఆవిడ జుట్టు ముగ్గుబుట్టలా నెరిసిపోయి ఉంది. నడుముకి కొంచెం పైన, వెన్నుకి అటొకటి ఇటొకటి, గుండ్రటి మచ్చలు.

"అవి నీళ్ల మరకలు" అన్నాను. "కడిగిన నీళ్లలో ఉప్పు ఆరిపోయి అలా..."

"మరి సరిగ్గా అక్కడే ఎలగ పడ్డాయి?"

నీటిచుక్క ఎక్కడ ఆగితే అక్కడ మరక పడుతుంది. దానికి లెక్కేముంది? మిగతా బొమ్మల మీదా మరకలున్నాయి, చూపించాను. ఆకాశం మీద, రాళ్ల మీద, గంప మీద. ఆవిడ చూళ్లేదు. డిల్లేసు వచ్చి, తన బొమ్మ ఎత్తి చూసి, "ఇదుగో, నాదైతే కడిగిన ముత్యం. దీనికే అన్నీ పడతాయి" అని నవ్వించబోయాడు. నిజంగానే ఆయన బొమ్మ మీద ఒక్క చార లేదు. పక్కింటి ముసలమ్మ వచ్చి కళ్లు చికిలించి చూసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ముసలమ్మ నోరు విప్పి ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఫోన్ తీసి, రీలుని కిటికీకి ఆనించి ఫోటో తీసి, రంగులు తిరగేశాను. జుట్టు నల్లబడింది, దమయంతి దమయంతైంది. మచ్చలు తెల్లగా తేలాయి. వాటి మీద వేలితో రుద్దాను. చర్మం చర్మంలో కలిసిపోయింది. స్టూడియోలో రోజూ చేసేదే. "చూడు, పోయాయి. మచ్చల్లేవు" అన్నాను.

దమయంతి ఫోన్ వైపూ నా వైపూ చూసింది.

"ఏలితో తుడిసీసినారు" అంది. "ఇంత బేగి తుడిసీగలిగితే, ఫోటోలో ఉన్నదీ లేనిదీ మీ సేతుల్లోనే ఉన్నట్టు గదప్పా. లోపల్ది ఎవులు తుడుత్తారు?"

లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. పనికి వెళ్లలేదు. పొయ్యి వెలగలేదు. నాకు భయమేసింది. ఎలుగుని చూసినప్పుడు కూడా అంత భయం వేయలేదు. దాచుకున్న ఆ సీసా నీళ్లతో చివరి కడుగు కడిగుంటే ఈ మచ్చలు ఉండేవి కావు. నా దాహానికి దాచుకున్న నీళ్లు ఆవిడ నడుం మీద మచ్చలై కూర్చున్నాయి.

ఒడ్డు

డిల్లేసు నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లాడు. మా సూర్యలంక ఒడ్డున బజ్జీల బళ్లుంటాయి, ఇక్కడ పడవలూ వలలూ తప్ప ఏమీ లేదు. అలలు కొండల్లా లేచి దబ్బున పడుతున్నాయి. అంత నీళ్లలోకి ఒక పడవ, నలుగురు మనుషులు, నవ్వుకుంటూ దిగారు. చేపలెండబెడుతున్న ఒకావిడ, "ఫోటో తీత్తే తియ్యండి, మా ఆయన బోటు నీళ్లలోకి దిగినాక మాత్రం ఎనకనుంచి తియ్యకండి, మంచిది కాదు" అంది. ఎందుకని అడగలేదు. వెనకనుంచి తీసే ధైర్యం ఆ పొద్దున నాలో లేనే లేదు.

డిల్లేసు ఇసుకలో కూర్చుని వేలితో గీతలు గీశాడు.

"మేడం, ఒక మాట. అవి నీళ్ల మరకలని ఇంక సెప్పకండి."

"అదేంటండీ?"

"నిజంగానే ఏటో కనపడతంది, పరీక్ష సేయించుకోమని సెప్పండి. మీరంటే నమ్ముద్ది. దాని కాళ్లు సాయంత్రమైతే పొంగుతన్నాయి. కూకుని కూకుని అంటాది. నాకు భయంగా ఉంది. అది లేకపోతే నా గతేటి? నాకు అన్నం కూడా పెట్టుకోడం రాదు."

తలుపు రెక్కల్లాంటి ఆ భుజాలు వంగిపోయాయి. అబద్ధమాడితే దమయంతి బతుకుతుందేమో. అబద్ధమాడితే భయంతో అక్కడే పడిపోతుందేమో. మొటిమ తీసెయ్యడం వేరు, లేని జబ్బుని పెట్టడం వేరు. ఇంటిదాకా నడిచాం, నేను ఏం చెప్పాలో తేల్చుకోలేదు.

దమయంతి మంచం పక్కన కింద కూర్చున్నాను. "నాకు తెలీదు దమయంతీ" అన్నాను. "అవి మరకలే. ప్రమాణం చేస్తాను. కానీ నీ లోపల ఏముందో నాకు తెలీదు, నా రీలుకీ తెలీదు. ఉందనీ అనను, లేదనీ అనను. సూదికి తప్ప ఎవరికీ తెలీదు. నాకూ భయంగానే ఉంది. వెళ్దాం రా."

గోడవైపునుంచే గొంతు వచ్చింది. "మీరొత్తారేటి?"

"వస్తాను."

"కెమెరా తియ్యకూడదు."

"తియ్యను."

"మావా, నువ్వూ ఇయ్యాలి రగతం" అంది లేచి కూర్చుంటూ. "నానొక్కదాన్నే ఇయ్యను."

"ఇత్తాను. జతకి ఇత్తాను. అప్పగారు కూడా ఇత్తారు" అన్నాడు డిల్లేసు, ఆనందం పట్టలేక.

"అప్పకెందుకు? మన నీళ్లు తాగలేదు గదా" అంది దమయంతి. వెటకారం లేదు ఆ మాటలో, ఉన్నదున్నట్టు అంది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. చెంబు అడిగి తాగాను. కొంచెం ఉప్పగా ఉన్నాయి, అంతే. తాగాక కూడా భయమేసింది, అది దాచి లాభం లేదు.

మళ్లీ పలాస

ఆసుపత్రిలో వాళ్లిద్దరి రక్తం తీసుకుని, మధ్యాహ్నం దాటాక రమ్మన్నారు. ఎక్కడికీ వెళ్లాలనిపించలేదు. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఒకళ్లనొకళ్లు "క్రియాటినిన్ ఎంతుంది?" అని కిడ్నీల లెక్క అడుగుతున్నారు, మా ఊళ్లో పిల్లల మార్కులడిగినట్టు. ఒకాయన తనది తగ్గిందని చెబుతుంటే పక్కాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దమయంతి నా చేయి పట్టుకుంది. జీడి సొనకి గట్టిపడ్డ ఆ అరచెయ్యి చల్లగా ఉంది. నా చెయ్యీ అంతే అయ్యుంటుంది. డిల్లేసు మాత్రం సమోసాలు తెచ్చి పంచాడు, కాపలావాడితో కబుర్లాడాడు, ఎవరో ముసలాయన్ని ఎత్తి ఆటో ఎక్కించి వచ్చాడు.

పిలిచారు. లోపల డాక్టరమ్మ, చిన్నవయసు, కాగితం చూసి దమయంతితో, "నీకేం లేదమ్మా. బాగుంది. కాళ్లవాపు రోజంతా కూర్చుని పనిచేయడం వల్లే. ఏడాదికోసారి చూపించుకో" అంది.

"ఏటీ లేదా?"

"ఏమీ లేదు."

"ఇంకొకపాలి సూడండమ్మా."

డాక్టరమ్మ నవ్వి కాగితం ఆవిడ వైపు తిప్పింది. దమయంతి ఏడ్చింది, వెంటనే నవ్వింది, పైటతో మొహం తుడుచుకుని, "పద మావా, బస్సు పోద్ది" అని లేచింది.

"ఆయన ఉండాలి" అంది డాక్టరమ్మ.

రెండో కాగితం ఆవిడ చేతిలోనే ఉంది. దాన్ని ఇంకా కింద పెట్టలేదు. చాలా నెమ్మదిగా చెప్పింది: కిడ్నీల పని తగ్గడం మొదలైంది. మొదట్లోనే కనబడింది కాబట్టి జాగ్రత్తపడితే చాలాకాలం నెట్టుకురావచ్చు. మళ్లీ ఒకసారి పరీక్ష చేసి చూస్తారు. నడుంనొప్పి బిళ్లలు ఈ రోజుతో ఆపెయ్యాలి. నెలనెలా రావాలి.

డిల్లేసు డాక్టరమ్మ వైపు చూళ్లేదు. నా వైపు తిరిగాడు.

"నా ఫోటోలో మచ్చే లేదు గదా మేడం" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. రాత్రిళ్లు కాదు, పగలే, కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరి బుగ్గమీదో మచ్చ తీస్తున్నప్పుడు వినిపిస్తుంది.

మాట్లాడింది దమయంతి. మాతో కాదు, డాక్టరమ్మతో. ఏం తినాలి, ఏం తినకూడదు, ఉప్పెంత, చెట్టెక్కొచ్చా, నీళ్లు ఎన్ని తాగాలి, ఏ నీళ్లు తాగాలి, ఆ బిళ్లలు ఇంట్లో ఇంకా ఉన్నాయి పారెయ్యనా? పొద్దున గోడవైపు తిరిగి పడుకున్న మనిషేనా అనిపించింది. గదిలోంచి బయటికొచ్చాక భర్త చంకలో చెయ్యేసి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"అప్పా, కెమెరా తియ్యండి" అంది.

"వద్దన్నావు కదా."

"నన్నొద్దు. ఆయన్నొక్కడినీ తియ్యండి. ఇప్పుడు తియ్యండి, బలంగా ఉన్నప్పుడు. మంచం మీద పడుకోబెట్టి కాదు, కూకున్నట్టు." ఆవిడ పక్కకి తప్పుకుంది. డిల్లేసు నడుం నిటారుగా పెట్టాడు, నవ్వబోయాడు, రాలేదు. గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి నొక్కాను. రైలు టైమైంది. స్టేషన్ దాకా వాళ్లే వచ్చి ఎక్కించారు.

ఆ ఫోటో ఉన్న కొత్త రీలు తెనాలిలో కడిగాను. కాచి చల్లార్చి వడగట్టిన నీళ్లతో, ఒకటికి మూడుసార్లు. మచ్చ లేదు. పెద్దది చేసి చూస్తే బొమ్మ అంచున, డిల్లేసు మోచేతి దగ్గర, ఇంకో చెయ్యి ఉంది. నల్లబడ్డ వేళ్లు, చొక్కా గుడ్డని పిడికిట్లో బిగించి. తప్పుకున్నట్టే తప్పుకుని, ఆయన పడిపోకుండా పట్టుకునే ఉంది ఆవిడ.

అలాంటి చెయ్యి మా స్టూడియో ఫోటోలో కనిపిస్తే నేను చేసే మొదటి పని దాన్ని తీసెయ్యడం. మా ఆయన భుజం మీదుగా చూసి అలవాటుకొద్దీ, "ఎవరిదో చెయ్యి పడింది, కత్తిరించు" అన్నాడు.

"పడలేదు" అన్నాను. "అది అక్కడే ఉండాలి."

చేతితో సహా అచ్చువేసి, దళసరి అట్టల మధ్య పెట్టి, వాళ్లకి పంపాను.